ఇంకో నదికి చేసిన వంతెన

దాని మీద ఎవరో దొర పేరుంది.
నా గుర్రానికి చదవడం రాదు.
నాకు వచ్చు గానీ
పొద్దున్నే సోర్ వైపు నుంచి బండి ఎక్కించేటప్పుడు
పేరు చూసే తీరిక ఎవరికి?
చక్రం చూసుకోవాలి,
చేపల గంపల్లోంచి కారే నీళ్ళు
వెనక సీటు తడపకుండా చూసుకోవాలి.

గుర్రం పేరు న్యూల్. అంటే నలుపు.
ఉన్నది మాత్రం బూడిద రంగులో.
అమ్మినవాడు పెట్టిన పేరు, నేను మార్చలేదు.
ఈ ఊళ్ళో పేర్లన్నీ అంతే,
ఎవరో పెట్టి పోతారు, మనం పిలుస్తుంటాం.

నాలుగో కమాను దగ్గర
న్యూల్ నడక మారుతుంది.
అప్పటిదాకా టక్కు టక్కుమన్న డెక్కలు
అక్కడ డొల్లగా
ఖాళీ బిందెని వేలితో కొట్టినట్టు మోగుతాయి.
కింద లోతెక్కువని దానికెవరు చెప్పారో!

సాయంత్రం కెమెరాలవాళ్ళు వస్తారు.
"ఎంత అందం" అంటారు.
ఆ ఒక్క మాటా నాకు ఏడు భాషల్లో తెలుసు.
కమానుల నీడలు నీళ్ళ మీద
పెద్ద చేప పక్కటెముకల్లా కదులుతుంటే
నేనూ బండి ఆపుతాను.
బేరంలో లేదది. ఊరికే.

ఈ వంతెన మనకి చేసింది కాదంటుంది నానమ్మ కినే.
ఎక్కడో మంచు కురిసే దేశంలో
ఇంకో నదికి కొలిచి కోసిన ఇనుమట.
ఓడ దారి తప్పిందో, గుమాస్తా చెయ్యి తప్పిందో,
పెళ్ళివారు వేరే ఊళ్ళో దిగిపోయినట్టు
సెయింట్ లూయీలో దిగిపోయింది.
దిగినవాళ్ళని పొమ్మంటామా?
నది లేచి కాళ్ళకి నీళ్ళిచ్చింది.

బళ్ళో మాస్టారు నవ్వాడు.
కాగితాలున్నాయి, ఈ నదికే కొలిచారు, అన్నాడు.
నానమ్మ వాదించలేదు.
"కాగితాలు కొలిచినవాళ్ళ దగ్గరుంటాయి.
ఎడారి గాలి మొదలైన రాత్రి
ఆ మూలుగు వాళ్ళు విన్నారా?
ఇంటిబెంగ కాకపోతే ఏమిటది?"
అలాంటి రాత్రి పాలగిన్నెతో రేవుకి వెళ్తుంది.
నదిలో ఉండే తల్లి మామ్ కుంబా బాంగ్‌కి ఒక దోసెడు.
అడుగున మిగిలింది ఇనుముకి.

పోయిన వానల్లో
పైకి పోయే పాత పడవ కోసం మధ్య కమాను తిప్పారు.
నేను చూడ్డం అదే మొదలు.
గంట కొట్టారు. గొలుసు అడ్డం వేశారు.
అంత ఇనుమూ
నిద్రలో ఒత్తిగిలినట్టు పక్కకి తిరిగి
అక్కడే ఆగిపోయింది.
పళ్ళచక్రం పట్టేసిందట.

రెండు గంటలు.
అటు అరటిపళ్ళ లారీ, పరీక్షకి పోయే పిల్లలు.
ఇటు నేను, న్యూల్,
నా బండిలో పెళ్ళికూతురు రొఖయా,
ఆమె ఒళ్ళో కొత్త చెప్పులు.
పెళ్ళికొడుకు అటే ఉన్నాడు, గంజి పెట్టిన తెల్ల బట్టల్లో,
ఏదో అరుస్తున్నాడు. గాలి తినేసింది.

మధ్యలో ఖాళీ.
ఎప్పుడూ కమ్మీల సందుల్లో ముక్కలుగా చూసిన నది
ఆ ఖాళీలో మొత్తంగా కనబడింది.
మట్టిరంగు. తొందర లేదు.
మనం కలుపుకున్నామనుకున్న ఊళ్ళ గురించి
దానికేమీ తెలియనట్టే ఉంది.

అప్పుడు అటువైపు మేనత్త ఒకామె
చేపల గిన్నె బోర్లించి దరువేసింది.
ఇటువైపు నుంచి ఇంకో గిన్నె జవాబిచ్చింది.
తర్వాత లారీ తలుపు, తర్వాత పలకలు,
తర్వాత వంతెన కటకటాలే.
నా తాతల్లో ఎవరో రివెట్లు కొట్టి ఉంటే
ఇలాంటి చప్పుడే అయ్యుంటుంది.
వాళ్ళ పేర్లు ఏ పలక మీదా లేవు.

కమాను తిరిగొచ్చి దబ్బున అతుక్కుంది.
అందరూ ఒకేసారి కదిలారు.
న్యూల్ మాత్రం అతుకు దగ్గర ముక్కు వంచి
వాసన చూస్తూ నిలబడింది.
బతిమాలాను, తిట్టాను.
రొఖయా దిగింది.
చెప్పులు చేత్తో పట్టుకుని, ఒట్టికాళ్ళతో
అతుకు దాటి నడిచింది.
వెనక న్యూల్, దాని వెనక నేను.

ఛార్జీ ఇంకా బాకీ. అడగను.
నాలుగో కమాను దగ్గర మాత్రం
ఇప్పుడు నేనూ చెవి రిక్కిస్తున్నాను.